ఎదురు షోరూం బండి

మొన్న ఆదివారం పొద్దున్నే అశోక్‌నగర్‌లో మా అమ్మాయి వాళ్ళుండే అపార్ట్‌మెంటు సందులోకి రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరలో ఆగిపోయాయి. రెండూ కొండలూ గుట్టలూ ఎక్కే బండ్లే. ఒకటి ఎర్రది, గుండ్రటి లైట్లది, రెండే తలుపులు, పహిల్వాన్‌లా ఛాతీ విరుచుకుని నిలబడింది. రెండోది ఆకుపచ్చది, కాస్త సన్నగా, నాలుగు తలుపులతో, కొంచెం సంసారపక్షంగా ఉంది. ఎర్రదాన్ని రమ్మన్నది మా అమ్మాయి, ఆకుపచ్చదాన్ని రమ్మన్నది మా అల్లుడు, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే వేళకు టెస్ట్ డ్రైవుకు రప్పించారు. రెండు స్కూటర్లు ఎదురైతేనే ఒకటి వెనక్కి జరగాల్సిన ఆ సందులో, అడవులూ వాగులూ అవలీలగా దాటుతామని చెప్పుకునే ఆ రెండు బండ్లూ ఎటూ కదలలేక హారన్లు కొట్టుకుంటుంటే, కోచింగ్ సెంటర్ల పిల్లలు చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలకు తెలియని విషయం ఉండదు కదా, వాళ్ళే తీర్పు చెప్పడం మొదలుపెట్టారు.

"ఎర్రదే తీస్కోండ్రి అక్కా, ఎంత గుట్టైనా ఎక్కేస్తది" అన్నాడొకడు.

"అక్క పోయేది సుల్తాన్ బజార్‌కు రా. ఆడ గుట్టలేడున్నయ్, బండి పెట్టనీకి జాగనే లేదు" అన్నాడు పక్కవాడు.

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది కానీ పట్టు మాత్రం విడవలేదు. నువ్వు జర ఎక్కి చూసి చెప్పమ్మా అని అమ్మాయి, మీరే తేల్చండి అత్తయ్యా అని అల్లుడు, ఇద్దరూ కలిసి నన్ను మధ్యలోకి లాగారు. ముందు ఆకుపచ్చది ఎక్కాను. తరువాత, అల్లుడు ఒక చెయ్యీ అమ్మాయి ఒక చెయ్యీ పట్టుకోగా, ఎర్రది కూడా ఎక్కాను. అమ్మడానికి వచ్చిన కుర్రాళ్ళిద్దరూ నా కిటికీ దగ్గరికి వచ్చి, తమ బండి ఎంత లోతు నీళ్ళలో దిగగలదో, ఎంత వాలు ఎక్కగలదో, అడుగున ఎంత ఎత్తు ఖాళీ ఉందో పోటీలు పడి గడగడా అప్పజెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో పిల్లలకు అర్థం కాలేదు. పై అంతస్తు బాల్కనీలో కూర్చుని తమాషా చూస్తున్న మా ఆయన మాత్రం నాకంటే గట్టిగా నవ్వుతున్నారు. వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం చేసిన ఉద్యోగం అదే. కాకపోతే ఒకే షోరూంలో కాదు, నారాయణగూడ రోడ్డుకు అటు ఒకరం, ఇటు ఒకరం.

మన ఈడు వాళ్ళకు అప్పటి నారాయణగూడ గుర్తుండే ఉంటుంది. రోడ్డుకు ఈ పక్క నిలబడి ఆ పక్క ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే వినపడేది, మధ్యాహ్నం పూట రోడ్డు దాటాలంటే అటూ ఇటూ చూడాల్సిన పని కూడా ఉండేది కాదు. మాది ఎప్పటినుంచో చిక్కడపల్లి. నాన్న గుమాస్తా, నెమ్మదస్తుడు, ఏ విషయమైనా అన్ననడిగి చెబుతాననేవాడు. ఆ అన్న, అంటే మా పెద్దనాన్న, పాలమూరు వైపు చెరువు కట్టలు పోయించే కాంట్రాక్టరు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, ఇంటికి పెద్ద ఆయన, ఆయనకు పెద్ద మా పెద్దమ్మ. నేను డిగ్రీ అయ్యాక టైపు నేర్చుకుని, నారాయణగూడలో జీపులమ్మే ఒక షోరూంలో టైపిస్టుగా చేరాను. మా సేఠ్‌కు హిందీ తప్ప వేరే భాష నోట్లో తిరిగేది కాదు, కొనడానికి వచ్చేవాళ్ళేమో ఎక్కువగా జిల్లాల నుంచి వచ్చే తెలుగువాళ్ళు. వాళ్ళతో మాట్లాడడానికి నన్ను మాటిమాటికీ టైపు మిషను దగ్గరి నుంచి లేపి లేపి, చివరికి కుర్చీనే తీసుకెళ్ళి ముందు వేయించాడు. జీపుల దుకాణంలో ఆడపిల్లేమిటని పెద్దనాన్న కొన్నాళ్ళు ముఖం ముడుచుకున్నాడు గానీ, తోటి కాంట్రాక్టర్లు మీ బిడ్డ బండి గురించి చెప్తుంటే కొనకుండా రాబుద్ధి కాదని పొగిడేసరికి మెత్తబడ్డాడు.

నిజం చెప్పాలంటే మా జీపును అమ్మడానికి పెద్దగా చెప్పాల్సిందేమీ ఉండేది కాదు. అది డీజిల్ జీపు, దున్నపోతులాంటి బండి. వచ్చినవాళ్ళు ముందు బానెట్ మీద అరచేత్తో ఒక దెబ్బ వేసేవాళ్ళు, తరువాత టైరును కాలితో ఒక తాపు తన్నేవాళ్ళు, ఆ తరువాత ఎంతమంది పడతారని అడిగేవాళ్ళు. కంపెనీ వాళ్ళు కాగితం మీద ఏం రాసినా, ఆ ప్రశ్నకు అర్థం పెళ్ళివారంతా పడతారా లేదా అని. మగవాళ్ళు ఇంజను తెరిపించి చూస్తుంటే, వెంట వచ్చిన ఇంటి పెద్ద ముత్తైదువ మాత్రం ఏమీ మాట్లాడకుండా కాలు ఎక్కడ పెట్టి ఎక్కాలో, చీర కొంగు ఎక్కడ చిక్కుకుంటుందో చూసుకునేది. నేను ఆ ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటంటే, ఇంజను చూసినవాళ్ళను వదిలేసి ఆమె దగ్గర నిలబడాలి. ఆమె సరేనంటే బండి అమ్ముడైనట్టే.

మేమిలా నిశ్చింతగా ఉన్న రోజుల్లో సరిగ్గా మాకు ఎదురుగా, రోడ్డుకు అవతల, కొత్త షోరూం ఒకటి వెలిసింది. అందులో తెల్లటి చిన్న బండి పెట్టారు. అదీ గుట్టలెక్కేదే, అదీ నాలుగు చక్రాలకూ శక్తినిచ్చేదే, కానీ పెట్రోలుది, తేలికైనది, సన్నగా చలాకీగా ఉండేది. దాని ఇంజను నడుస్తుందో ఆగిందో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలిసేది కాదు. డాక్టర్లు, పెద్ద భూములున్నవాళ్ళ కొడుకులు దాన్ని చూసి ముచ్చటపడేవాళ్ళు. ఊళ్ళవాళ్ళకు మాత్రం ఆ నిశ్శబ్దం నచ్చేది కాదు. బండి కొనుక్కుని ఊళ్ళోకి పోతే వచ్చినట్టు నలుగురికీ తెలియకపోతే ఇంక కొనడమెందుకని వాళ్ళ బాధ. మేము డీజిల్ పొగ పీలుస్తూ ఆ తెల్ల బండిని చూసి పళ్ళు నూరుకునేవాళ్ళం. దాన్ని అమ్మడానికి పెట్టిన కుర్రాడు ఇస్త్రీ చొక్కాలో అద్దం వెనక నిలబడి ఉండేవాడు. ఆ కుర్రాడే తరువాత మా ఆయన అయ్యారు. అప్పటికింకా కాలేదు కనుక ఇక్కడ అతను అనే రాస్తాను, చదివినప్పుడు ఆయన ఏమీ అనుకోరనే నమ్మకంతో.

మేమిద్దరం చాలా కాలం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. కానీ రోజంతా వాదించుకునేవాళ్ళం. అదెలాగంటే, జీపు కొనేవాడు ఎవడైనా సరే ముందు మా దగ్గరికి వచ్చి, రోడ్డు దాటి అక్కడికి వెళ్ళి, అతను చెప్పింది విని మళ్ళీ మా దగ్గరికి వచ్చేవాడు. డీజిల్ జీపు చప్పుడుకు పసిపిల్లలు జడుసుకుంటరంట గదమ్మా అని ఒక మోతుబరి వచ్చి అడిగితే, చప్పుడు లేని బండికి బర్రెలు దారివ్వవని చెప్పి పంపేదాన్ని. ఆయన రోడ్డు దాటి వెళ్ళి ఆ మాట చెప్పడం, అద్దం వెనక అతను నవ్వడం ఇక్కడికి కనిపించేది. కాసేపటికి ఆ మోతుబరే తిరిగొచ్చి, బర్రెలకు హారను కొడతాం గానీ డీజిల్ వాసనకు హారనేముందని అడగమన్నాడమ్మా అనేవాడు. ఇలా కొనేవాళ్ళంతా మాకు తెలియకుండానే మా ఇద్దరి మాటలు మోసేవాళ్ళు. ఒక్కోసారి వాళ్ళు ఏ బండీ కొనకుండానే, వినడమే ఒక కాలక్షేపం అనుకుని, నవ్వుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

రానురానూ ఆ మాటల్లో బండి తగ్గి మనుషులు ఎక్కువయ్యారు. ఎదురుగా ఉన్న మేడమ్ మీ ఊళ్ళ గురించి బాగా తెలిసినట్టు మాట్లాడతారని అతను ఎవరితోనో అన్నాడట, ఆ వచ్చినాయన ఆ మాట నాతో చెప్పి, జీపు సంగతి పూర్తిగా మరిచిపోయి మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు. ఆ రోజు నేను టైపు చేసిన కాగితాల్లో ఎన్ని తప్పులు పడ్డాయో సేఠ్‌కే తెలియాలి. అతని ఇల్లు నారాయణగూడలోనే. అయినా సాయంత్రం షోరూం మూయగానే చిక్కడపల్లి లైబ్రరీకి పేపర్లు చదవడానికి బయలుదేరేవాడు, నేనూ ఇంటికి అదే దారిన నడిచేదాన్ని. లైబ్రరీకోసమే వచ్చేవాడినని ఆయన ఇప్పటికీ వాదిస్తారు. చదివిన పేపర్లలో ఒక్క వార్త చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేవారు. మొదట ముందొకరం వెనకొకరం నడిచాం, తరువాత పక్కపక్కనే నడిచాం, వానాకాలం వచ్చేసరికి ఒకే గొడుగు కింద నడిచాం. పెళ్ళి చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలని నాకు తెలిసిపోయింది, అతనికీ తెలిసిపోయింది. తెలియాల్సిన పెద్దనాన్నకు మాత్రం ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు.

సరిగ్గా అప్పుడే రెండు సంగతులు ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. అంబర్‌పేటలో సర్కారు కొలువున్న అబ్బాయి ఒకడున్నాడని పెద్దనాన్న సంబంధం తెచ్చాడు, వాళ్ళు వచ్చే ఆదివారం పిల్లను చూసుకోవడానికి వస్తామన్నారు, అన్న తెచ్చిన సంబంధం కనుక నాన్న మారు మాట్లాడలేదు. అదే వారంలో పెద్దనాన్న తన పాత కారు ఇక లాభం లేదని, కట్టల మీదికీ వాగుల్లోకీ పోయే బండి కొనాలని నిశ్చయించాడు. సొంత పెద్దనాన్న ఎదురు షోరూంలో కొంటే తన ముక్కు కోసినట్టేనని సేఠ్ నన్ను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి హెచ్చరించేవాడు. నాకు మాత్రం సేఠ్ ముక్కు గురించి దిగులు లేదు. ఆదివారం వస్తుంది, నేను పట్టుచీర కట్టుకుని వాళ్ళ ముందు కూర్చోవాలి, కూర్చున్నాక ఇక నా మాట నాది కాదు. నోరు తెరిచి చెబుదామంటే మా ఇంట్లో ఆడపిల్లలు అటువంటి మాట చెప్పిన అలవాటు లేదు. అతనైతే మా పెద్దనాన్న మీసం చూస్తేనే పక్క సందులోకి తప్పుకునేవాడు.

పెద్దనాన్న కాగితాలు చూసి కొనే మనిషి కాదు. రెండు షోరూముల వాళ్ళూ బండ్లు తీసుకుని పాలమూరు దగ్గర తన పని జరిగే చోటికి రావాలన్నాడు. అలా ఆ శుక్రవారం తెల్లవారుతూనే మా డీజిల్ జీపు ముందు, వాళ్ళ తెల్ల బండి వెనక బయలుదేరాయి. బండి గురించి చెప్పడానికి నేను, నాకు తోడుగా పెద్దమ్మ, ఆమెతో పాటు పెద్ద గిన్నెడు పులిహోర మా జీపులో ఎక్కాం. తెల్ల బండిని అతనే నడుపుకుంటూ వచ్చాడు. పని దగ్గర మేస్త్రీ, కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు అందరూ తట్టలు కింద పెట్టి, కుస్తీ పోటీ చూడడానికి వచ్చినట్టు కట్ట మీద వరసగా కూర్చున్నారు.

మొదటి పందెం వాగులో ఇసుక దాటడం. తెల్ల బండి ఇసుక మీద పిల్లి నడిచినట్టు నడిచి అవతలి ఒడ్డుకు చేరింది. మా జీపు సగం దూరం పోయి, ఇక నా వల్ల కాదన్నట్టు ఇరుసుల దాకా దిగబడి కూర్చుంది, కూలీలు దిగి కేకలు పెడుతూ తోస్తే గానీ బయటికి రాలేదు. రెండో పందెం రాళ్ళూ మనుషులూ వేసుకుని కట్ట ఎక్కడం. ఈసారి తెల్ల బండి సగం ఎక్కి, వెనక్కి జారి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ జారింది. మా దున్నపోతు నల్లటి పొగ వదులుతూ, మూలుగుతూ, మధ్యలో ఎక్కడా ఆగకుండా కట్ట మీదికి వచ్చి నిలబడింది. మేస్త్రీ భార్య సంతోషం పట్టలేక ఈల వేసింది. పెద్దమ్మ రెండు బండ్లూ ఎక్కి దిగింది. మా జీపు ఎక్కడానికి ఆమెకు ఒక రాయి వేయాల్సి వచ్చింది. పెద్దనాన్న రెండూ నడిపాడు. ఆయనకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు, మా జీపు క్లచ్చు తొక్కినప్పుడల్లా ఆయన కళ్ళు చిన్నవి కావడం నేను పక్కనుంచి గమనిస్తూనే ఉన్నాను. మొత్తానికి రెండు పందేలూ అయ్యేసరికి ఏ బండి మేలో ఎవరికీ తేలలేదు.

పులిహోరా, మేస్త్రీ ఇంటివాళ్ళు తెచ్చిన జొన్న రొట్టెలూ తిన్నాక, పెద్దనాన్న ముందు అతన్ని పిలిచి కట్ట మీద దూరంగా నడిపించుకుపోయాడు. నీ బండే ఎందుకు కొనాలో చెప్పమన్నాడట. మంచి అమ్మకపు మాటలన్నీ నోటికొచ్చిన ఆ మనిషి, అన్నీ మింగేసి, ఏం చెప్పాడో తరువాత పెద్దనాన్న నోటితోనే విన్నాం.

"మీకు మా బండి వద్దు సార్. మీరు రాళ్ళు మోస్తరు, మనుషుల్ని మోస్తరు. ఖరాబైతే ఈడి మెకానిక్‌లకు దాని పని తెల్వదు. మీకు ఆ డీజిల్ జీపే మంచిగుంటది" అన్నాడట.

ఈ సంగతి తెలియని నన్ను తరువాత పిలిచి అదే ప్రశ్న అడిగాడు పెద్దనాన్న. రాళ్ళు మోయడానికి ట్రాక్టరుంది కదా, మా జీపు క్లచ్చు మీ మోకాళ్ళకు పడదు, పెద్దమ్మ రాయి వేస్తే గానీ ఎక్కలేదు, తెల్లదే తీసుకోండి అని చెప్పాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కానీ మోకాళ్ళ మీద జాలితోనే చెప్పానంటే అది అబద్ధమవుతుంది. అతను గెలవాలని నాకుండింది, అంతే. సాయంత్రం నారాయణగూడకు తిరిగి వెళ్ళాక అతను తన యజమాని ముందు తలెత్తుకుని నిలబడాలని ఉండింది. సేఠ్ ఏమంటాడో, నా ఉద్యోగం ఏమవుతుందో ఆ క్షణంలో తట్టనే లేదు. అతను కూడా నా గురించి అదే అనుకుని ఆ మాట చెప్పాడని నాకు తెలిస్తే కదా.

పెద్దనాన్న మా ఇద్దరినీ ఒకసారి చూసి, మీసం దువ్వుకుని జీపెక్కాడు. తిరుగు ప్రయాణంలో ఎవరేం మాట్లాడినా మా జీపు చప్పుడుకు వినపడేది కాదు. సగం దారిలో ఒక చింతచెట్టు కింద జీపు ఆపించి, డ్రైవర్ని చాయ్ తాగి రమ్మని పంపించి, ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇన్నేండ్ల సంది బేరాలు చేస్తున్న. నా వంకాయలు పుచ్చులు, ఎదురు దుకాణంల కొనుక్కో అన్నోన్ని ఎన్నడు చూడలె. ఇయ్యాల ఒక్క పూటల ఇద్దర్ని చూసిన" అన్నాడు పెద్దమ్మతో.

"నాకైతే పొద్దుగాలనే తెల్సింది. నువ్వు బండ్లను చూస్తున్నవ్, నేను పిల్లల్ని చూస్తున్న" అంది పెద్దమ్మ, పులిహోర గిన్నె ఒళ్ళోంచి దించకుండానే.

నేను తలెత్తలేదు. సిగ్గో భయమో, చెవులు కాలిపోతున్నాయి. పెద్దనాన్న నా వైపు తిరిగి, పిల్లగాడు మంచోడేనా అని ఒక్క మాట అడిగాడు. బండ్లు అమ్మరాదు గానీ మంచోడే అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు, ఆయన మళ్ళీ నవ్వేసరికి మాత్రం నాకు ఏడుపొచ్చింది. అంత తేలిగ్గా ఒడ్డెక్కుతానని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ సాయంత్రమే అంబర్‌పేటకు మనిషిని పంపి ఆదివారం రావద్దని చెప్పించాడు, ఆదివారం తానే నాన్నను వెంటబెట్టుకుని అతని తల్లిదండ్రులను చూడడానికి నారాయణగూడ వెళ్ళాడు. సోమవారం వెళ్ళి తెల్ల బండి కొన్నాడు. బండి విషయంలో పిల్లగాని మాట కాదని పిల్ల మాట విన్నానని, ఇక ముందు అతను కూడా అట్లే వినాలని అక్కడున్న అందరి ముందూ చెప్పి వచ్చాడట.

మా సేఠ్ కొన్నాళ్ళు నాతో ముఖాముఖి మాట్లాడలేదు, ఏం కావాలన్నా గోడతో చెప్పేవాడు. కానీ లోపల మంచివాడు. పెళ్ళిలో ఎదుర్కోళ్ళకు పెళ్ళికొడుకు ఎక్కి రావడానికి తన షోరూంలోని కొత్త జీపును, ముందు అద్దం మడిచి, బంతిపూలు కట్టించి పంపాడు. ఎదురు షోరూం వాడి పెళ్ళికి తన బండి పోయిందని నారాయణగూడంతా చెప్పుకోవాలని ఆయన సరదా. ఇంకేముంది, మా ఆయన ఆ డీజిల్ చప్పుడుతో, ఆ పొగతో, చిక్కడపల్లి చిన్నాపెద్దా అందరూ గుమ్మాల్లోకి వచ్చేలా ఊరేగి వచ్చారు. ఎదుర్కోళ్ళలో రెండు వైపుల వాళ్ళూ ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మామూలే కదా, ఆ రోజు మాత్రం గులాలు చల్లుకుంటూ అందరూ బండ్ల మీదే మాటలు విసురుకున్నారు. మీ బండి కూలీలు తోస్తే గానీ కదల్లేదట అని మగపెళ్ళివాళ్ళంటే, మీ బండి కట్ట మీద జారితే చూశాం అని మావాళ్ళు. మా ఆయన కళ్ళల్లో పొగ పోయి నీళ్ళు కారుతుంటే, పెళ్ళికొడుకు అప్పుడే ఏడుస్తున్నాడని మా పెద్దమ్మ అందరికీ చూపించింది.

మర్నాడు పొద్దున ముహూర్తం, మధ్యాహ్నం భోజనాలు, ఆ తరువాత అప్పగింతలు. మా ఇంటి నుంచి అత్తవారింటికి నడిస్తే పది నిమిషాలు. నేను రోజూ ఉద్యోగానికి పోయిన దారే, ఇంతోటి దానికి ఏడుపేమిటని అప్పటిదాకా అనుకున్నాను. కానీ నాన్న నా చెయ్యి తీసుకుని పాలల్లో ముంచి అత్తగారి చేతిలో పెట్టినప్పుడు నేనూ ఏడ్చాను, అందరూ ఏడ్చారు. పెద్దనాన్న ఒక్కడే ఏడవలేదు. గట్టిగా గొంతు సవరించుకుని, తెల్ల బండి డ్రైవర్ని దిగమని తానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనక.

బండి నేరుగా నారాయణగూడ వైపు పోవాల్సింది, ఆర్టీసీ చౌరస్తా వైపు తిరిగింది. అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కు దాకా పోయి, దోమలగూడ దిగి, హిమాయత్‌నగర్ చుట్టి అప్పటికి నారాయణగూడ చేరింది. అత్తవారి సందు మొదట్లో మా ఆడబిడ్డలు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్ళ చేతిలో దీపం కూడా కనిపించింది, బండి మాత్రం ఆగకుండా వాళ్ళ ముందు నుంచే ముందుకు పోయింది. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని మా వైపు చూడడం నాకు వెనక అద్దంలో కనిపించింది. పెద్దమ్మ ఏమైందన్నట్టు చూసింది.

"గేరు సరిగ్గ పడ్తలేదు. ఇంకో రౌండు కొట్టి చూస్త" అన్నాడు పెద్దనాన్న, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆ బండిని అమ్మింది మా ఆయనే. దాని ప్రతి గేరూ ఆయనకు తెలుసు. వెన్నలా పడే గేర్లవి.

"అవును పెద్దనాన్నా, కొత్త బండి గద, జర టైట్ ఉంటది. రెండు రౌండ్లు కొడితే గాని సాఫ్ కాదు" అన్నారు.

ఆయనను నేను అతను అనడం మానేసింది అప్పుడే. పెద్దనాన్న తల ఊపి, గుట్టలెక్కేటప్పుడు వేసే చిన్న గేరు వేశాడు. బండి నున్నటి తారు రోడ్డు మీద, ఎవరో నడుస్తున్నంత మెల్లగా, బర్కత్‌పురా దాకా పోయి మళ్ళీ తిరిగింది. పక్కనుంచి సైకిళ్ళు మమ్మల్ని దాటి పోయాయి. పెద్దనాన్న భుజాలు కదలడం వెనకనుంచి చూస్తున్నాం గానీ, మేమిద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. మళ్ళీ సందు దగ్గరికి వచ్చేసరికి ఆడబిడ్డల పళ్ళెంలో దీపం ఆరిపోయి, మళ్ళీ వెలిగించుకుంటున్నారు.

పెద్దనాన్న పోయి చాలా ఏళ్ళయింది. మా షోరూం ఉన్న చోట హాస్టలు వచ్చింది, మా ఆయన నిలబడిన అద్దం వెనక ఇప్పుడు బట్టల దుకాణం బొమ్మలు నిలబడ్డాయి. మా అమ్మాయీ అల్లుడూ ఏ బండి కొనాలో ఇంకా తేల్చుకోలేదు, తేల్చుకుంటారు, ఇప్పటి బండ్లు రెండూ బాగానే ఉన్నాయి. ఈ రోజుల్లో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ పోవడానికి నా అప్పగింతల నాడు పట్టినంత సేపు రోజూ పడుతుంది. మెట్రో స్తంభాల కింద, సిగ్నళ్ళ దగ్గర, పక్కపక్కనే ఆగిన బండ్లలో అందరూ ఎప్పుడు చేరుతామా అని గడియారాలు చూసుకుంటూ కూర్చుని ఉంటారు. ఆ బండ్లలో నేనూ ఒకదాంట్లో కూర్చుని చూస్తుంటాను. ఎవరినో ఒకరిని ఆలస్యంగా చేర్చడానికి బండి నడుపుతున్న మనిషి మాత్రం నాకు ఇంతవరకూ మళ్ళీ కనిపించలేదు.